గేరులో వదిలిన బండి

పందొమ్మిది వందల అరవై మూడు. నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేసేవాడిని. మెకానిక్ అనే మాట అప్పటికి మా వాళ్ళ నోట ఇంకా నలగలేదు, అందరూ మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు. ఊళ్ళో కార్లే తక్కువ, వాటిలో కొత్తవి మరీ తక్కువ. మద్రాసు దొరలూ సేట్లూ వాడి వాడి మొహం మొత్తిన బండ్లు మా జిల్లాకు టాక్సీలుగా దిగేవి. పైన రంగు కొట్టి, సీట్లకు కొత్త రెక్సిన్ తొడిగి పంపేవాళ్ళు. పైన పటారం, లోన లొటారం. ఆ లొటారం ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే నా బతుకుతెరువు.

ఈ కాలం వాళ్ళు టైమింగ్ బెల్ట్ అంటుంటారు. మా రోజుల్లో బెల్ట్ లేదు, దాని చోట ఇనప చెయిన్ ఉండేది. పని మాత్రం ఒకటే. ఇంజన్‌లో అడుగున పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. పెట్రోలు లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ వాల్వులను తెరిచి మూసేది కామ్‌షాఫ్ట్. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళు వేయడం చూసే ఉంటారు. ఒకరిది లేచినప్పుడు ఇంకొకరిది పడాలి. ఆ వరస తప్పకుండా ఈ రెండు షాఫ్టులనూ కలిపి ఉంచేదే చెయిన్. ప్లగ్గుల్లో నిప్పు ఎప్పుడు పడాలో చెప్పే డిస్ట్రిబ్యూటర్ కూడా కామ్‌షాఫ్ట్ తిప్పితేనే తిరుగుతుంది. కాబట్టి చెయిన్ ఒక్క పన్ను జారిందంటే అన్నీ గతి తప్పుతాయి.

చెయిన్ పాతబడి సాగితే కామ్‌షాఫ్ట్ తిరగవలసిన దానికంటే కొంచెం వెనకబడుతుంది. పరుగులో జారినా వెనకబడడమే. లాగేది క్రాంకు, వెంట వచ్చేది కామ్, వెంట వచ్చేదే గదా వెనకపడేది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, తక్కిన కథ అంతా దీని మీదే ఉంది.

ఐజాకుది కొడవలూరు. లారీ క్లీనరుగా మొదలుపెట్టి, డ్రైవరై, చివరికి సొంత కారు కొనుక్కున్నవాడు. ఆదివారం చర్చిలో వాడి గొంతు ముందు వినబడేది, తరువాతే తక్కినవాళ్ళది. నన్ను మస్తానన్నా అని పిలిచేవాడు. మద్రాసు వెళ్ళి ఒక నల్లటి ఇంగ్లీషు కారును నాకు ఒక్క మాట చెప్పకుండా తెచ్చుకుని, నా షెడ్డు ముందు ఆపి హారన్ కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"పిల్లను చూసేదానికి పోతే నలుగురిని తోడు తీసకపోతారే. కారుకు ఒక్కడివే పోయినావా?" అన్నాను.

"ఇంజన్ చప్పుడే లేదన్నా. గేర్లు కూడా వెన్న మాదిరి పడతా ఉండాయి. పిల్లి నడిచినట్టు పోతాది," అన్నాడు.

"ముసలి బండి మూలగకుండా ఉందంటే నాకు అదే భయంరా. ఒకరోజు వదిలిపెట్టిపో, విప్పి చూస్తా."

వదిలిపెడతాననే అన్నాడు. కానీ ఇవాళ అల్లూరు బేరం, రేపు మైపాడు బేరం. సముద్రపు ఒడ్డు పల్లెల్లో వాడిదొక్కటే టాక్సీ. పెళ్ళికొడుకులూ, పాము కరిచినవాళ్ళూ, కాన్పు కష్టమైన ఆడవాళ్ళూ అందరూ అందులోనే నెల్లూరు రావాలి. ఆ పల్లెల వాళ్ళు వాడిని ఇంటి మనిషిలా చూసుకునేవాళ్ళు, చేపల పులుసు పెట్టకుండా పంపేవాళ్ళు కాదు. షెడ్డుకు రమ్మని నేను ఎన్నిసార్లు చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఒక ఉదయం ఆ కారు వచ్చింది, జత ఎడ్లు లాగుతుంటే. ఐజాకు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. దిగి నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. కుడి మణికట్టు వాచి, పసుపు పట్టు వేసి ఉంది. ఒక్క మాట అన్నాడు.

"ఆ తల్లిని నేను చంపినానా లేదా, అది చెప్పన్నా."

జరిగింది ఇది. మైపాడులో పోలయ్య అనే పల్లెకారు. సముద్రం మీద చేపల వేటకు పోయే మనిషి, ముప్పై కూడా నిండనివాడు. భార్య కామాక్షికి తొలి కాన్పు. నొప్పులు మొదలయ్యాయనీ, బండి తెచ్చి ఊళ్ళో ఉంచమనీ కబురు వస్తే ఐజాకు తెల్లవారుతూనే వెళ్ళాడు. మంత్రసాని చూస్తూ ఉంది. అవసరమైతేనే నెల్లూరు. మధ్యాహ్నం దాటాక మంత్రసాని చేతులెత్తేసింది. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. కామాక్షిని వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరారు. ఇందుకూరుపేట దాటాక కారు మరుగుతున్న అన్నం కుండలా ఆవిరి కక్కి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. ముందు వైపు ఇనప హ్యాండిల్ దూర్చి ఎంత తిప్పినా ఇంజన్ ఊపిరి అందుకోలేదు. దగ్గరి పొలంలోంచి ఎడ్లబండి తెచ్చారు. ఆసుపత్రి చేరేలోపే, ఆ ఎడ్లబండిలోనే కామాక్షి పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

మైపాడు వాళ్ళు ఐజాకు మీద దురాయి వేశారు. ఊరు మొత్తం కలిసి పెట్టే ఆన అది. ఐజాకు ఊళ్ళో అడుగు పెట్టకూడదు, ఊరివాళ్ళెవరూ వాడి బండి ఎక్కకూడదు. ఒక పల్లె వేసిన దురాయిని పక్క పల్లెలూ పాటిస్తాయి. వాడు పెట్రోలులో కిరసనాయిలు కలిపి తోలాడని ఒకరు, చచ్చిన బండి అని తెలిసే తెచ్చాడని మరొకరు. ఇంతకంటే వాడిని తినేస్తున్నది వేరే ఉంది. నిజంగా వాళ్ళు చెప్పినట్టే జరిగిందేమోనని వాడికే అనుమానం.

నేను పనిలోకి దిగాను. ముందు పెట్రోలు. తెల్లటి గుడ్డ మీద పోసి ఎండలో ఆరబెట్టాను. జిడ్డు లేదు, వాసన లేదు. శుభ్రమైన పెట్రోలు. ఒక నింద పోయింది.

గేర్‌బాక్స్ అడుగు బిరడా విప్పాను. ఆయిలుతో పాటు రంపపు పొట్టు ముద్దలు ముద్దలుగా పడింది. అరిగిన పళ్ళు రోద చేయకుండా లోపల పొట్టు దట్టించడం పాత కార్లు అమ్మేవాళ్ళ దొంగ విద్య. వెన్న మాదిరి పడిన గేర్ల రహస్యం అదీ. ఇంజన్ ఆయిలు తీస్తే తుమ్మబంకలా సాగింది. చెయిన్ మోత వినబడకుండా ఆ చిక్కటి ఆయిలు పోశారు. అమ్మినవాడెవడో గాని, వాడిని తలుచుకుంటే ఇప్పటికీ నా నోటికి మంచి మాట రాదు.

ఇంజన్ మీది హెడ్డు విప్పితే, నీళ్ళు లోపలికి కారకుండా ఆపే గాస్కెట్ కాలిపోయి నీళ్ళు సిలిండర్లలోకి దిగి ఉన్నాయి. బండి ఆగింది దానివల్లే. మరి అంత వేడి ఎందుకు పుట్టింది? రేడియేటర్ బాగుంది, పంపు బాగుంది. అప్పుడు వాడి మణికట్టు కేసి చూశాను.

"చెయ్యి ఎట్టా వాచింది?"

"హ్యాండిల్ ఎదురు తన్నిందన్నా, మైపాడులో స్టార్ట్ చేసేటప్పుడు. ఎప్పుడూ అట్టా తన్నలా."

హ్యాండిల్ ఎదురు తన్నిందంటే నిప్పు పడవలసిన దానికంటే ముందే పడిందన్నమాట. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలి వెనక్కి తోసింది. అలా నడిస్తే ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతుంది, లాగదు, వేడెక్కి చస్తుంది. వాడిని అడిగితే, అవును, మోగింది, లాగలేదు అన్నాడు. వెనక ఆ పిల్ల కేకలు పెడుతుంటే ఏ మోతని వింటాడు? ఇసక దారి వల్ల లాగడం లేదనుకుని ఇంకా తొక్కాడు.

ఇంజన్ ముందరి మూత విప్పి చెయిన్ బయటపెట్టాను. పాతబడి, ఊయలలా వేలాడుతోంది. ఇది నేను అనుకున్నదే. పళ్ళ చక్రాల మీద రెండు గుర్తులు ఉంటాయి, అవి ఎదురెదురుగా నిలబడాలి. నిలబడలేదు. ఒక పన్ను తేడా. అయితే కామ్ వెనకబడలేదు. ముందుకు పోయి ఉంది. నిప్పు ముందే పడింది అందుకే.

షెడ్డు బయటికి వచ్చి బీడీ ముట్టించాను. సాగిన చెయిన్ పరుగులో జారితే కామ్ వెనకే పడాలి. ముందుకు పోవాలంటే ఒకటే దారి. ఎవరో ఇంజన్‌ను వెనక్కి తిప్పి ఉండాలి. ఏ ఇంజనూ తనంతట తాను వెనక్కి తిరగదు. హ్యాండిల్‌తో తిప్పుదామన్నా అటు పట్టు దొరకదు. గేరులో ఉన్న కారును వెనక్కి లాగితే, చక్రాలు తిరిగి, గేర్‌బాక్స్ తిరిగి, ఇంజన్ వెనక్కి తిరుగుతుంది.

"ఆ పొద్దు బండిని ఎవురన్నా వెనక్కి లాగినారా?" అని అడిగాను.

ఐజాకు ఒక్క క్షణం ఆలోచించాడు. "లాగినారన్నా. ఒడ్డున గట్టి ఇసక మీద పెట్టినా, ముక్కు సముద్రం పక్కకు. ఊరి పెద్ద ఇంట్లో నేను అన్నం తింటా ఉంటే పోటు ఎక్కి నీళ్ళు చక్రాల కాడికి వచ్చేసినాయంట. మనోళ్ళే పడవను లాగినట్టు తాడు గట్టి పైకి లాగేసినారు. వచ్చి చూసి అందరికీ దండం పెట్టినా."

"గేరు?"

వాడి మొహం నెమ్మదిగా మారింది. "ఫస్టు గేరులో పెట్టి దిగినా. హ్యాండ్ బ్రేకు తీగ ఉప్పుగాలికి తుప్పు పట్టి ఎప్పుడో తెగింది గదా."

కదలని పడవను చూస్తే పల్లెకారు ఏం చేస్తాడు? ఇంకో నలుగురిని పిలుస్తాడు. కారు మొరాయించింది, మనుషులు పెరిగారు, ఐలెస్సా అన్నారు, కారు కదిలింది. లోపల సాగిన చెయిన్ ఒక పన్ను ఎక్కి దిగింది. రివర్స్ గేరులో పెట్టి ఉంటే ఇంజన్ ముందుకే తిరిగేది, ఏమీ అయ్యేది కాదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అమ్మినవాడి మోసం ఒక పిడికెడు, ఉప్పుగాలి ఒక పిడికెడు, ఆ మంచి మనుషుల సాయం ఒక పిడికెడు. ఐజాకు వంతు మాత్రం నాకు చాలా చిన్నదిగా కనబడింది. ఆ మాటే చెప్పాను. వాడు నా బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ దురాయిని తీయించి తీరాలని నేనే పట్టుబట్టాను. కర్మలు అయ్యాక ఊరి పెద్దకు కబురు పంపితే, సరే, వచ్చి చెప్పుకోమన్నాడు. చెయిన్‌నూ పళ్ళ చక్రాలనూ గోనెగుడ్డలో చుట్టుకుని ఐజాకును వెంటబెట్టుకుని వెళ్ళాను. చెప్పవలసిన మాటలు దారంతా మనసులో వల్లె వేసుకున్నాను. కోర్టులో ప్లీడరులా గెలిచి రావాలనుకున్నాను.

ఒడ్డున పడవల నీడలో జనం కూర్చున్నారు. పోలయ్య కొంచెం ఎడంగా, గుండు చేయించుకున్న తలతో, చినిగిన వల ఒళ్ళో వేసుకుని ఉన్నాడు. కుట్టడం లేదు.

"చెప్పు మేస్త్రీ, బండి ఎందుకు నిలబడిపోయింది?" అన్నాడు ఊరి పెద్ద.

"చెబుతా పెద్దాయనా. ముందు నాకొక సంగతి కావాల. ఆ పొద్దు నీళ్ళు వస్తే బండిని పైకి లాగింది ఎవురు?"

జనంలో ఉత్సాహం పుట్టింది. తప్పు చేసిన మొహాలు కావవి. నేనంటే నేనన్నారు. ఊరి పెద్ద పోలయ్య వైపు చెయ్యి చూపించాడు.

"మొదట చూసిందే పోలయ్య. ఆడోళ్ళు ఇంట్లోకి రానీకపోతే ఇక్కడిక్కడే తిరగతా ఉండాడు పాపం. నా పెండ్లాం ఎక్కాల్సిన బండి సముద్రంలో పోతా ఉందని గావుకేక పెట్టినాడు. తాడు గట్టింది వాడే, ముందు పట్టింది వాడే. మేమందరం వాడి వెనకాల పట్టినాం."

నా చేతిలో గోనెగుడ్డ ముడి సగం విప్పి ఉంది. తాడు ముందు పట్టింది పోలయ్యేనని నాకు అప్పటిదాకా తెలియదు. పోలయ్య తల ఎత్తి నన్నే చూస్తున్నాడు. 

ఐజాకు లేచి నిలబడ్డాడు. "మేస్త్రీ చెప్పేదేం లేదు పెద్దాయనా. బండి పాతది. మద్రాసోడు మోసం చేసినాడు, నేను చూసుకోలా. మస్తానన్న విప్పి చూస్తానని మొత్తుకున్నా నేను ఇయ్యలా. తప్పు నాదే. మీ దురాయి మీరు ఉంచండి."

ఎవరో ఉమ్మేశారు. ఊరి పెద్ద నన్ను చూసి, "అంతేనా మేస్త్రీ?" అన్నాడు. అంతే అన్నాను. ముడి మళ్ళీ బిగించాను.

వెనక్కి వస్తూ వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. నీకు పిచ్చి పట్టిందా, బతుకు పోగొట్టుకున్నావు గదరా అన్నాను. 

"నేను చంపలా అని నువ్వు చెప్పినావు గదన్నా. నాకు అది చాలు. వాడికి ఎవురు చెబుతారు?"

ఐజాకు మళ్ళీ ఆ ఒడ్డున టాక్సీ తోలలేదు. కారు ఇనప సామాను కింద పోయింది. కావలి పక్కన లారీ మీద డ్రైవరుగా చేరాడు, ఎవరి లారీయో. అప్పుడప్పుడు షెడ్డు ముందు ఆపి టీ తాగి పోయేవాడు. పాడడం మానేశాడని వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం పోలయ్య నా షెడ్డుకు వచ్చాడు. వల దారం కొనడానికి టౌనుకు వచ్చానన్నాడు. జుట్టు పెరిగింది గాని మనిషి సగమయ్యాడు. నేను స్టూలు వేసినా కూర్చోకుండా, వరసగా వేలాడదీసిన చెయిన్లను చూస్తూ నిలబడ్డాడు.

"ఆ పొద్దు గోనెగుడ్డలో ఏందో తెచ్చి, విప్పకుండా పోయినావే మేస్త్రీ."

"పాత సామాన్లు. చూపించేదానికి ఏముంది?"

"తాడు పట్టుకున్నోడికి చెయ్యే చెబుతాది మేస్త్రీ. వలలో చేప పడినా, రాయి తగిలినా కళ్ళతో చూడం గదా. ఆ పొద్దు కారును లాగేటప్పుడు లోపల ఏందో టక్కుమన్నాది. ఒక్కసారే. నా చేతికి తెలిసింది. అది ఏంది?"

యంత్రం గురించి అడిగినవాడికి నేను అబద్ధం చెప్పిన మనిషిని కాను. ఆ రోజు చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. "చక్రం కింద రాయి పడుంటాది. దాని మీద ఎక్కి దిగుంటాది, అంతే."

పోలయ్య తల ఊపాడు. నేను గండం గడిచిందనుకున్నాను.

"మొన్న కావలిలో ఐజాకు కనబడినాడు. వాడినీ అడిగినా," అన్నాడు. "హ్యాండ్ బ్రేకు తీగ తెగిన చప్పుడన్నాడు. నువ్వు రాయి అంటా ఉండావు."

 పోలయ్య కోప్పడి ఉంటే బాగుండేది. ఏడ్చి ఉన్నా బాగుండేది. కుండలోంచి మంచినీళ్ళు ముంచుకుని తాగి, లోటా బోర్లించి, దారం కట్ట భుజాన వేసుకున్నాడు.

"ఐజాకు మళ్ళీ వస్తే దురాయి లేదని చెప్పు మేస్త్రీ. పెద్దాయనకు నేను చెప్పుకుంటా," అని వెళ్ళిపోయాడు.

దురాయి నిజంగానే తీసేశారు. ఊరివాళ్ళకు పోలయ్య ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. నేను చెబితే ఐజాకు విన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, లారీ ఎక్కి పోయాడు. పోలయ్య ఆ తరువాత పడవ తాడు పట్టలేదట. వేట మానేసి, అల్లూరు పక్కన ఎవరి వరి పొలంలోనో కూలికి పోయాడని విన్నాను. ఇద్దరికీ మేలు చేద్దామనే నేను నోరు మూసుకున్నాను. ఇద్దరిలో ఒక్కడికీ చేయలేకపోయాను.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఎన్నో కార్లు విప్పాను. కామ్ ముందుకు పోయిన బండి వస్తే మొదట అడిగే ప్రశ్న, ఎవరు ఎటు లాగారని. పాత కారు కొన్న ప్రతివాడికీ చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. గేర్‌బాక్స్ ఆయిలు తీసి చూడు, చెయిన్ మార్చు, హ్యాండ్ బ్రేకు తీగ వేయించు. చివరన ఇంకొక మాట చెబుతాను. అది విని కొత్త డ్రైవర్లు నవ్వుతారు, మేస్త్రీకి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

మంచివాళ్ళున్న ఊళ్ళో బండిని గేరులో వదిలి పోకండి.